తట్టు టీకా వేశాక బిడ్డ ఒంట్లో ఏం జరుగుతుంది? విశాఖ తల్లుల ప్రశ్నలు, జవాబులు

నేను విశాఖపట్నంలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పే డాక్టరుని. మన దగ్గర బుధవారం, శనివారం టీకాల రోజులు. వీలు చిక్కినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఏదో ఒక వార్డులో టీకాలు వేసే చోట కూర్చుంటాను. ఆరిలోవ, కంచరపాలెం, గాజువాక, పెద జాలారిపేట, ఎక్కడికి వెళ్ళినా తొమ్మిదో నెల బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లులు అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. అక్కడ లైను కదలాలి కాబట్టి ఏఎన్‌ఎం రెండు ముక్కల్లో చెప్పి పంపేస్తుంది. ఇక్కడ ఆ తొందర లేదు. బిడ్డ ఒంట్లో ఏ కణం ఏ రోజు ఏం చేస్తుందో తెలిస్తే తల్లికి సగం టెన్షన్ తగ్గుతుందని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

తట్టు, ఆటలమ్మ ఒకటేనా? అన్నీ అమ్మవారే కదా?

ఒకటి కాదు. ఒంటిమీద ఏది పోసినా మన ఇళ్ళల్లో అమ్మవారు అనేస్తాం. నీటి పొక్కులు లేస్తే అది ఆటలమ్మ, దాని వైరస్ వేరు. తట్టులో నీటి పొక్కులుండవు. ముందు మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడడం ఉంటాయి. ఆ తర్వాత చెవుల వెనక, నుదుటి మీద ఎర్రటి దద్దు మొదలై ఒళ్ళంతా పాకుతుంది.

దద్దు కనబడడానికి 4 రోజుల ముందు నుంచే ఆ బిడ్డ దగ్గర్నుంచి జబ్బు అంటుకుంటుంది. అంటే ఇంట్లోవాళ్ళు జలుబే కదా అనుకునే రోజుల్లోనే. తట్టు ఉన్న పిల్ల దగ్గి వెళ్ళిపోయిన గదిలో రెండు గంటల దాకా వైరస్ గాలిలో నిలిచి ఉంటుంది. రక్షణ లేనివాళ్ళ మధ్య ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకగలదు. ఇంత వేగంగా అంటుకునే జబ్బులు చాలా తక్కువ.

మొక్కుల్ని నేనెప్పుడూ కాదనను. బురుజుపేట కనకమహాలక్ష్మి పాదాల దగ్గర పసిబిడ్డని పడుకోబెట్టి దండం పెట్టుకునే ఊరు మనది. ఆ దండం పెట్టుకోండి, టీకా కూడా వేయించండి.

టీకాలో వైరస్‌నే ఎక్కిస్తారట. నిజమేనా?

నిజమే. బలం తగ్గించిన, బతికున్న వైరస్. 1954లో అమెరికాలో జాన్ ఎండర్స్, థామస్ పీబుల్స్ అనే ఇద్దరు తట్టు వచ్చిన ఒక బడిపిల్లాడి నుంచి ఈ వైరస్‌ని వేరు చేశారు. ఆ పిల్లాడి ఇంటిపేరు ఎడ్మన్‌స్టన్. ఆ వైరస్‌ని కోడి పిండం కణాల వంటి వాటిలో మళ్ళీ మళ్ళీ పెంచుతూ పోతే, మనిషి ఒంట్లో జబ్బు తెప్పించే శక్తి పోయింది గాని రూపం మాత్రం పోలేదు. 1963లో మొదటి టీకా అలా వచ్చింది. మన సర్కారు టీకాల్లో వాడే ఎడ్మన్‌స్టన్-జాగ్రెబ్ రకం కూడా ఆ పిల్లాడి వైరస్ సంతతే. ఇప్పుడు వేసే ఎంఆర్ టీకాలో దీనితో పాటు రూబెల్లా అనే ఇంకో దద్దు జబ్బు టీకా కూడా కలిసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలందరికీ బడుల్లో, అంగన్‌వాడీల్లో వేసింది ఇదే. మీ ఇంట్లో పెద్ద పిల్లలుంటే గుర్తుండే ఉంటుంది.

ఈసారి వెళ్ళినప్పుడు ఏఎన్‌ఎం చేతుల్ని గమనించండి. ముదురు రంగు చిన్న సీసాలో అడుగున పొడి గడ్డకట్టినట్టు ఉంటుంది. దాంతో వచ్చిన నీళ్ళ మందుని సిరంజితో అందులోకి ఎక్కించి, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తుంది. పొడి కరిగిపోతుంది. వెంటనే సీసా మీద పెన్నుతో టైము రాసి, ఐస్‌ప్యాక్‌కి ఉన్న గుంటలో నిలబెడుతుంది. ఆ టైము నుంచి 4 గంటలు దాటితే మిగిలిన మందు పారేయాల్సిందే, ఒక్కటే డోసు వాడినా సరే. సీసా మీద గుండ్రటి గుర్తు, దాని మధ్యలో చిన్న చదరం ఉంటాయి. వేడి తగిలే కొద్దీ ఆ చదరం ముదురుతుంది. చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటేనే ఆ సీసా తెరవాలి. చూపించమని అడిగితే ఏఎన్‌ఎం ఏమీ అనుకోదు, సంతోషంగా చూపిస్తుంది.

బీసీజీ పుట్టగానే వేశారు. మరి ఇది తొమ్మిది నెలల దాకా ఎందుకు ఆపుతారు?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. దీనికి జవాబు సగం అమ్మ దగ్గర, సగం బిడ్డ దగ్గర ఉంది.

ముందు అమ్మ సంగతి. కడుపులో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి రక్తంలో ఉండే, జబ్బుని అడ్డుకునే యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకి చేరతాయి. మన మాటలో చెప్పాలంటే పుట్టింటి సారె. తల్లికి తట్టు మీద ఉన్న రక్షణ బిడ్డకీ కొంత అందుతుంది. అయితే సారె తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టు ఖర్చయిపోతుంది. బిడ్డ దాన్ని తయారు చేసుకోలేదు కాబట్టి నెలనెలా తరిగిపోతూ, తొమ్మిది నెలలకి చాలామందిలో బాగా పల్చబడుతుంది.

ఆ యాంటీబాడీలు నిండుగా ఉన్నప్పుడు టీకా వేస్తే ఏమవుతుంది? అవి టీకా వైరస్‌ని కూడా శత్రువనే అనుకుని చుట్టుముట్టి కట్టేస్తాయి. వైరస్ పెరగదు. అమ్మ యాంటీబాడీలు అంటుకుపోయిన వైరస్, యాంటీబాడీలు తయారుచేసే బిడ్డ బి కణం దగ్గరికి వెళ్ళినా, 'ఇక్కడ ఇప్పటికే కాపలా ఉంది, నువ్వు ఆగు' అన్న సంకేతమే ఆ కణానికి అందుతుంది. ఫలితంగా బిడ్డ సొంతంగా యాంటీబాడీ చేయడం నేర్చుకోదు.

ఇక బిడ్డ సంగతి. అమ్మ యాంటీబాడీలు అసలు లేని ఆరు నెలల పాపకి టీకా వేసినా, ఏడాది పాప చేసినన్ని యాంటీబాడీలు చేయలేదు. బి కణాలు ఒకచోట చేరి సాధన చేసే గుంపులు లింఫ్ గ్రంథుల్లో ఇంకా పూర్తిగా అమరలేదు. యాంటీబాడీలు తయారుచేసే కణాలు ఏళ్ళ తరబడి బతకడానికి ఎముక మూలుగలో చోటు కావాలి. పసితనంలో ఆ చోటు కూడా ఇంకా సిద్ధం కాదు. నెలలు గడిచే కొద్దీ ఇవన్నీ కుదురుకుంటాయి.

అలాగని ఏడాది దాటేదాకా ఆగితే? సారె అయిపోయి, సొంత సంపాదన లేని ఆ రెండు మూడు నెలల్లో తట్టు వస్తే పసిబిడ్డకి చాలా ప్రమాదం. జబ్బు తిరుగుతున్న దేశం కాబట్టి మన దగ్గర 9 నెలలు నిండగానే మొదటి డోసు వేస్తారు. జబ్బు అరుదైన దేశాల్లో ఏడాది నిండాక వేస్తారు. రెండూ తప్పు కాదు, చుట్టుపక్కల పరిస్థితి వేరు.

ఇంకో మాట. మీ అమ్మగారి తరంలో చాలామందికి చిన్నప్పుడు తట్టే వచ్చి తగ్గింది. 1985లో మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది కాబట్టి, ఈనాటి తల్లుల్లో ఎక్కువమందికి రక్షణ టీకా వల్ల వచ్చింది. టీకా వల్ల వచ్చే యాంటీబాడీలు జబ్బు వచ్చి తగ్గినవాళ్ళ కంటే కొంచెం తక్కువ స్థాయిలో ఉంటాయి. కాబట్టి ఇప్పటి బిడ్డలకి అందే సారె కాస్త చిన్నది, త్వరగానే అయిపోతుంది. తొమ్మిదో నెల దాటాక 'పండగ వెళ్ళాక వేయిద్దాం', 'ఊరి నుంచి వచ్చాక వేయిద్దాం' అనేవాళ్ళతో నేను వాదించేది ఇందుకే.

సూది దిగిన తర్వాత ఏ రోజు ఏం జరుగుతుంది?

కుడి భుజం దగ్గర చర్మం కింద అర మిల్లీలీటరు మందు దిగుతుంది. బిడ్డ ఒక్క అరుపు అరుస్తుంది, అమ్మ భుజం మీద పడుకోబెట్టుకుని తడుతుంది, రెండు నిమిషాల్లో ఊరుకుంటుంది. బయటికి కనిపించేది ఇంతే. పని అప్పుడే మొదలవుతుంది.

మొదటి రెండు మూడు రోజులు: చర్మం కింద ఎప్పుడూ తిరుగుతుండే కాపలా కణాలు కొన్ని ఉంటాయి. డెండ్రిటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు అంటాం. టీకా వైరస్ ముందు వీటిలోకే దూరుతుంది. అవి వైరస్‌ని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తమ ఒంటిమీద తగిలించుకుని, దగ్గర్లోని లింఫ్ గ్రంథికి చేరతాయి. చంకలో బిళ్ళ కట్టింది అంటాం చూడండి, ఆ బిళ్ళలే లింఫ్ గ్రంథులు.

నాలుగో రోజు నుంచి పది రోజుల దాకా: బిళ్ళలో లక్షల టి కణాలు వరసలో ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టగలదు. తట్టు ముక్క సరిగ్గా సరిపోయే టి కణాలు గుప్పెడే ఉంటాయి. అవి దొరికిన క్షణం నుంచి చీలడం మొదలుపెట్టి వేలకు వేలవుతాయి. వీటిలో కొన్ని వైరస్ పట్టిన కణాల్ని వెతికి చంపుతాయి. కొన్ని బి కణాలకి దారి చూపిస్తాయి. ఈ లోపల టీకా వైరస్ కూడా ఒంట్లో కొంచెం పెరుగుతుంది, అంతలోనే అణగిపోతుంది.

రెండో వారం నుంచి నాలుగో వారం దాకా: బి కణాల వంతు. ముందు ఐజీఎం అనే తొందరపాటు యాంటీబాడీలు వస్తాయి. వాటి వెనకే ఐజీజీ అనే నిలకడైనవి. దాదాపు నాలుగో వారానికి ఐజీజీ గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు వీటి పట్టు ఇంకా బిగుస్తుంది. వైరస్‌ని గట్టిగా పట్టుకునే బి కణాల్నే బిళ్ళ ఏరి ఉంచుతుంది, వదులుగా పట్టుకునేవి రాలిపోతాయి. మిగిలిన వాటిలో కొన్ని ఎముక మూలుగలో స్థిరపడి ఏళ్ళ తరబడి యాంటీబాడీలు వదులుతూ ఉంటాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా ఊరికే తిరుగుతూ, అసలు తట్టు ఎదురైనప్పుడు లేస్తాయి.

ఇదంతా ఎలా తెలుస్తుందని విద్యార్థులు అడుగుతారు. బిడ్డ నుంచి ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, తెల్లకణాల్ని వేరు చేసి, సన్నటి గుంటలున్న ప్లేటులో తట్టు వైరస్ ముక్కలతో కలిపి ఉంచుతారు. ఆ ముక్కని గుర్తుపట్టిన టి కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదులుతుంది. అది పడినచోట రంగు పట్టి ఒక చుక్క ఏర్పడుతుంది. ఒక్కో చుక్క ఒక్కో కణం. లెన్సు కింద పెట్టి చుక్కలు లెక్కపెట్టుకోవడమే. పాఠంలో వంద సార్లు చెప్పినా ఎక్కనిది, ఆ చుక్కల్ని చూసిన పిల్లలకి జీవితంలో మర్చిపోలేనంతగా ఎక్కుతుంది.

టీకా వేసిన ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది. మందు వికటించిందా?

లేదు. పైన చెప్పిన కాలపట్టిక మరోసారి చూడండి. టి కణాలు పెరిగి వైరస్ మీద పడే రోజులవి. అప్పుడు అవి వదిలే రసాయనాలే జ్వరం తెప్పిస్తాయి. టీకా వేసిన 7 నుంచి 12 రోజుల మధ్య 100 మంది పిల్లల్లో 5 నుంచి 15 మందికి జ్వరం రావచ్చు. 5గురికి పల్చటి దద్దు కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి.

అయిదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ టీకాకి జ్వరం అదే రాత్రి వస్తుంది, తల్లులు దానికి అలవాటు పడి ఉంటారు. తట్టు టీకాకి వారం తర్వాత వచ్చేసరికి కంగారు పడతారు. పెద జాలారిపేటలో ఒక మామ్మ మనవరాల్ని చంకనేసుకుని వచ్చి నా ముందు నిలబడింది. 'ఏటమ్మా, నిక్షేపంలాటి పిల్లకి జరం తెప్పించీసినారు' అంది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. వారం తర్వాత జ్వరం రావచ్చని ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. పాప వీపు చూశాను. లేత గులాబీ రంగు చుక్కలు, వేలితో నొక్కితే మాయమై మళ్ళీ తేలుతున్నాయి. పాప మాత్రం నా మెడలో స్టెతస్కోపు లాక్కోవడానికి చూస్తోంది. పాలు తాగుతోందా అని అడిగితే 'తాగుతాంది' అంది. ఇంక భయం లేదని చెప్పి, ఆ రోజుల లెక్కంతా నేల మీద కూర్చుని మామ్మకి చెప్పాను. తర్వాతి నెలలో పక్కింటి తల్లికి ఆవిడే చెబుతోందని ఆశా కార్యకర్త అంది.

జ్వరానికి పారాసిటమాల్ చుక్కలు బిడ్డ బరువుని బట్టి ఇవ్వండి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. సీసా బలాన్ని బట్టి ఎన్ని చుక్కలో మీ డాక్టరు చేత రాయించుకోండి. జ్వరం రాకముందే ముందుజాగ్రత్తగా ఇవ్వక్కర్లేదు. ఆస్పిరిన్ అసలు వద్దు. చాలా అరుదుగా, 3,000 నుంచి 4,000 మందిలో ఒకరికి, జ్వరంతో పాటు ఫిట్స్ రావచ్చు. భయపెట్టేలా ఉంటుంది గాని దాదాపు ఎప్పుడూ మచ్చ మిగల్చదు. అయినా వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బిడ్డ పాలు మానేసి మగతగా పడి ఉన్నా, రొప్పుతున్నా టీకా జ్వరమే అనుకుని ఇంట్లో కూర్చోకండి.

టీకా దద్దు పక్కపిల్లలకి అంటుతుందా? ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళున్నారు.

అంటదు. టీకాలోని తట్టు వైరస్ ఒకరి నుంచి మరొకరికి పాకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ టీకా వేయించుకోకూడదు గాని, వేయించుకున్న బిడ్డని ఎత్తుకోవచ్చు.

మా వాడికి జ్వరమే రాలేదు. టీకా పనిచేయనట్టా?

కాదు. ఎక్కువమంది పిల్లలకి రాదు. కణాలు చప్పుడు లేకుండా పనిచేసుకుపోతాయి.

మొదటి డోసు పడింది కదా, మళ్ళీ పదహారో నెలలో ఎందుకు?

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది రెండో డోసు మర్చిపోవడం. తొమ్మిదో నెలకి అందరూ వస్తారు. పదహారో నెల వచ్చేసరికి బిడ్డ పరుగులు పెడుతుంటుంది, తల్లి పనిలోకి వెళ్తుంటుంది, కార్డు బీరువాలో ఉండిపోతుంది.

లెక్క ఇలా ఉంటుంది. మీ వీధిలో 100 మంది పిల్లలకి 9 నెలలకే టీకా వేశాం అనుకోండి. దాదాపు 85 మందికి మంచి రక్షణ వస్తుంది. 15 మందికి రాదు. వాళ్ళ తప్పేమీ లేదు. కొందరిలో అమ్మ యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉండి వైరస్‌ని కట్టేశాయి, కొందరిలో బి కణాలు ఇంకా అంత సిద్ధంగా లేవు. ఆ 15 మంది ఎవరో ముఖం చూసి చెప్పలేం. 16 నుంచి 24 నెలల మధ్య అందరికీ మళ్ళీ వేస్తే, అప్పటికి సారె పూర్తిగా ఖర్చయి, బిళ్ళలు బాగా ఎదిగి ఉంటాయి కాబట్టి ఆ 15 మందిలోనూ దాదాపు అందరూ అందుకుంటారు. దీన్ని బూస్టరు అనుకోవడం వల్లే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆ 15 మందికి అది నిజానికి మొదటి డోసు. ఇంత వేగంగా పాకే జబ్బుని ఊళ్ళో ఆపాలంటే 100లో 95 మందికి రెండు డోసులూ పడాలి. మన దేశంలో రెండో డోసు 2010లో కలిపింది ఇందుకే.

ఆరు నెలలకే వేయడం కూడా ఉందట?

ఉంది, ఊళ్ళో తట్టు బాగా తిరుగుతున్నప్పుడు. 2022లో ముంబైలో తట్టు ప్రబలినప్పుడు, తొమ్మిది నెలల లోపు పసిపిల్లల్లో కేసులు ఎక్కువగా ఉన్న చోట్ల 6 నుంచి 9 నెలల వాళ్ళకి ఒక డోసు వేయమని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. దాన్ని లెక్కలోకి తీసుకోరు. 9వ నెల, 16వ నెల డోసులు ఎలాగూ పడాలి.

ఆరు నెలలకి యాంటీబాడీలు సరిగ్గా రావు అని పైన చెప్పాను కదా, మరి ఎందుకు వేయడం? ఇక్కడే టి కణాల గొప్పతనం. ఆరు నెలల పాప బి కణాలు తడబడినా, టి కణాలు మాత్రం తొమ్మిది నెలలు, ఏడాది పిల్లల వాటికి దాదాపు సమానంగా స్పందిస్తాయి. అమ్మ యాంటీబాడీలు ఉన్నా కూడా అవి నేర్చుకుంటాయి. తట్టుని వదిలించడంలో టి కణాలది పెద్ద పాత్ర. పుట్టుకతోనే యాంటీబాడీలు చేయలేని పిల్లలు తట్టు వస్తే మామూలుగానే కోలుకుంటారు. టి కణాల లోపం ఉన్న పిల్లలకి మాత్రం అది ప్రాణాంతకం అవుతుంది. డాక్టర్లు ఇది ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు.

తల్లిపాలు ఆపాలా?

అక్కర్లేదు. టీకాకి అడ్డుపడేవి మాయ ద్వారా రక్తంలోకి వచ్చినవి, పాలలోవి కాదు. సూది వేస్తుండగానే పాలు పట్టండి, ఏడుపు తగ్గుతుంది.

మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. ఆ నెల కలిపి ఆగాలా?

ఆగొద్దు. పుట్టిన తేదీ నుంచే లెక్క. సారె ఎక్కువగా అందేది చివరి నెలల్లో. ముందుగా పుట్టిన బిడ్డకి అది తక్కువగా అంది, తొందరగా అయిపోతుంది. ఆలస్యం చేయకూడనిది అసలు ఈ పిల్లలకే.

ఒకే రోజు ఇన్ని సూదులా? పసి ప్రాణం తట్టుకోగలదా?

తొమ్మిదో నెలలో ఎంఆర్‌తో పాటు పోలియో సూది, న్యుమోకాకల్ బూస్టరు, విటమిన్ ఎ కూడా ఉంటాయి. తల్లి గుండె తరుక్కుపోతుంది, నిజమే. కానీ ఒక్కో టీకాకి స్పందించే టి కణాలు, బి కణాలు వేర్వేరు. ఒకదాని పని ఇంకోదానికి అడ్డురాదు. బిడ్డ నేలమీద పాకి, చెయ్యి నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఇంతకంటే ఎన్నో ఎక్కువ సూక్ష్మజీవుల్ని ఆ కణాలు చూస్తూనే ఉంటాయి.

జలుబుగా ఉంది, వేయించొచ్చా? అసలు ఎవరికి వేయకూడదు?

జలుబు, కొద్దిపాటి దగ్గు, రెండు విరేచనాలకి ఆపక్కర్లేదు. గుడ్డు పడని పిల్లలకీ వేయొచ్చు. గట్టి జ్వరంతో ఆసుపత్రిలో ఉంటే తగ్గాక వేస్తారు.

వేయకూడని వాళ్ళు తక్కువ. కాన్సరు మందులు వాడుతున్న పిల్లలు, ఎక్కువ డోసులో చాలా రోజులుగా స్టెరాయిడ్లు తీసుకుంటున్నవాళ్ళు, పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్నవాళ్ళు, టీకాలో కొద్దిగా ఉండే జిలటిన్‌కి గాని నియోమైసిన్‌కి గాని ప్రమాదకరమైన ఎలర్జీ వచ్చినవాళ్ళు. ఈమధ్య రక్తం ఎక్కించినా, ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఇచ్చినా తప్పకుండా చెప్పండి. ఎక్కించిన రక్తంలో వేరేవాళ్ళ యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి, అమ్మవి చేసిన పనే అవీ చేస్తాయి. దాన్నిబట్టి కొన్ని నెలలు ఆగమంటారు.

తట్టు వచ్చి తగ్గితే జీవితాంతం మళ్ళీ రాదు కదా. అదే మేలు కాదా?

తట్టు మళ్ళీ రాదు, నిజమే. దానికి బిడ్డ చెల్లించేది ఎంతో చూడండి.

తట్టు వైరస్ దూరడానికి వెతుక్కునే తలుపు, మన రోగనిరోధక కణాల మీదే ఉంటుంది. అందులోనూ జ్ఞాపక కణాల మీద ఎక్కువ. బిడ్డ అంతవరకు ఎదుర్కొన్న ప్రతి జలుబు, ప్రతి విరేచనం, ప్రతి చెవి పోటు గురించి నేర్చుకున్నదంతా ఆ కణాల్లోనే ఉంటుంది. తట్టు వాటిలోకి దూరి చంపేస్తుంది. జబ్బు తగ్గాక తెల్లకణాల సంఖ్య మళ్ళీ మామూలుకి వస్తుంది, కాని కొత్తగా నిండినవి చాలావరకు తట్టునే గుర్తుపట్టేవి. పాత పాఠాలు పోతాయి.

2013లో నెదర్లాండ్స్‌లో టీకా వేయించని కుటుంబాల్లో తట్టు వ్యాపించింది. అప్పుడు 77 మంది పిల్లల రక్తం జబ్బుకి ముందూ తర్వాతా పరీక్షించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. వేరే జబ్బుల మీద వాళ్ళకున్న యాంటీబాడీల్లో 11 శాతం నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయి. టీకా వేసుకున్న పిల్లల్లో ఆ నష్టం కనబడలేదు. మన పెద్దవాళ్ళు 'తట్టు పోసినప్పట్నుంచి పిల్లాడు కోలుకోలేదు, ఏదో ఒకటి వస్తూనే ఉంది' అంటుండేవారు. వాళ్ళు చూసింది ముమ్మాటికీ నిజం. దీన్ని రోగనిరోధక మతిమరుపు అంటున్నారు. దాని ప్రభావం రెండు మూడేళ్ళ దాకా ఉంటుంది.

ఇది కాక నిమోనియా, వెయ్యిమందిలో ఒకరికి మెదడువాపు, తగ్గిపోయిందనుకున్న ఏళ్ళ తర్వాత మెదడుని తినేసే ఎస్ఎస్‌పీఈ. 2023లో ప్రపంచంలో తట్టుతో 1,07,500 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువమంది అయిదేళ్ళ లోపువాళ్ళు.

మా పెద్దమ్మ కూతురికి మూడేళ్ళప్పుడు తట్టు పోసింది. తగ్గాక ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఫోటో తీయించుకోవాల్సి వస్తే అక్క ఈనాటికీ తల ఒక పక్కకి తిప్పుకుంటుంది. తట్టు రావడమే మేలని ఎవరైనా అంటే నాకు ముందు ఆ కన్నే గుర్తొస్తుంది.

విటమిన్ ఎ చెంచా దీనితోనే ఎందుకు?

ఆ కన్ను కోసమే. తట్టు ఒంట్లోని విటమిన్ ఎని హరిస్తుంది, కంటి నల్లగుడ్డు దెబ్బతింటుంది. 9వ నెలలో ఒక మిల్లీలీటరు, అంటే లక్ష యూనిట్లు. 16వ నెల నుంచి అయిదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు. తట్టు వచ్చిన బిడ్డకి ఇది వరుసగా రెండు రోజులు మందుగా కూడా ఇస్తారు.

ఈ టీకాతో ఆటిజం వస్తుందని వాట్సాప్‌లో చదివాను.

1998లో లండన్ వైద్య పత్రిక ఒకటి 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసాన్ని అచ్చు వేసింది. అందులో అబద్ధాలున్నాయని తేలి 2010లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, రాసిన డాక్టరు లైసెన్సు పోయింది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి చూస్తే, టీకా వేసుకున్నవాళ్ళలో ఆటిజం పెరగలేదు. మాటలు వచ్చే వయసు, టీకా వేసే వయసు ఒకటే కావడంతో తల్లిదండ్రులకి రెండూ ముడిపడినట్టు కనిపిస్తాయి. మాటలు ఆలస్యమైతే భయపడుతూ దాచకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. ఆ అవసరం వేరు, టీకా వేరు.

ప్రైవేటులో ఎంఎంఆర్ అంటున్నారు, సర్కారుది ఎంఆర్. ఏది మంచిది?

తట్టు విషయంలో తేడా లేదు. ఎంఎంఆర్‌లో గవదబిళ్ళల టీకా అదనం.

యాంటీబాడీ టెస్టు చేయించి చూసుకోవచ్చా?

వద్దు. మామూలు టెస్టు జ్ఞాపక కణాల్ని, టి కణాల్ని చూడలేదు. సంఖ్య తక్కువ వచ్చిందని మీరు అనవసరంగా నలిగిపోతారు. కార్డు మీద రెండు తేదీలుంటే చాలు.

కార్డు పోయింది. రెండో డోసు పడిందో లేదో గుర్తులేదు. బిడ్డకి మూడేళ్ళు.

ముందు మీ ఏఎన్‌ఎంని అడగండి. ఆమె రిజిస్టరులో గాని, సర్కారు టీకాల ఆన్‌లైన్ రికార్డు యూవిన్‌లో గాని మీ ఫోన్ నంబరు మీద ఉండొచ్చు. ఎక్కడా దొరకకపోతే పడలేదనే అనుకుని వేయించేయండి. అయిదేళ్ళ దాకా సర్కారు కార్యక్రమంలో ఉచితంగానే వేస్తారు. ఒకవేళ అది మూడో డోసే అయినా నష్టం లేదు. ఇప్పటికే ఉన్న యాంటీబాడీలు ఆ వైరస్‌ని వచ్చింది వచ్చినట్టే పట్టేస్తాయి. మొదటి డోసు కూడా పడలేదని తేలితే, ఈ బుధవారమో శనివారమో ఒకటి, కనీసం నాలుగు వారాల ఎడంతో ఇంకొకటి వేయించండి. కొత్త కార్డు అక్కడే రాసిస్తారు. ఇంటికి వెళ్ళే ముందు దాన్ని ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి.